నిజాంసాగర్ కడుపులో ఎంత మన్ను ఉంది?

పోస్టు పెద్దగా ఉంటది, పొలం పని లేని పూట తీరిగ్గా చదవండి.

ఎండాకాలం నిజాంసాగర్ నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా నెర్రెలు బాసిన నేల ఫొటోలు ఫోన్లలో తిరుగుతయి. కింద అందరిదీ ఒకటే మాట. "ఇంత మన్ను పేరుకపోతే సర్కారు ఎందుకు తీస్తలేదు? జేసీబీలు లేవా, టిప్పర్లు లేవా?" అడిగేటోళ్లలో చదువుకున్న పిల్లలు కూడా ఉన్నారు. ప్రశ్న మంచిదే. కానీ దానికి జవాబు జేసీబీ దగ్గర దొరకదు, వందేళ్ల వెనక ప్రాజెక్టు లెక్కలు వేసిన కాగితం దగ్గర దొరుకుతది.

ముందు రెండు అంకెలు గుర్తు పెట్టుకోండి. 1931లో కట్ట పూర్తయిననాడు నిజాంసాగర్‌లో పట్టే నీళ్లు 29.7 టీఎంసీలు. 1973 నాటి కొలతలో తేలింది 11.8 టీఎంసీలు. అంటే నలభై రెండేండ్లలో నూటికి అరవై వంతులు మన్ను తిన్నది. ఒక మనిషి పుట్టి, పెండ్లయి, పిల్లల పెండ్లి చేసేలోపు అంత పెద్ద సాగరం సగం కంటె ఎక్కువ పూడింది.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలబెట్టిన నీళ్లు. పోయింది 18 టీఎంసీల జాగ. ఆ మన్నునంతా తవ్వి నిజాంసాగర్ కింద మొదట అనుకున్న 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు మీద సమానంగా పరిస్తే అడుగున్నర మందం వస్తుంది. బాన్సువాడ, వర్ని, బోధన్ మొదలు నిజామాబాద్ దాకా మడి మడికీ అడుగున్నర మన్ను! నేను కాగితం మీద రెండుసార్లు వేసి చూసిన. లెక్క అంతే వచ్చింది.

ఇక కథ మొదటికి పోదాం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచింది. ఆ తర్వాత నిజాం సర్కారుకు నీళ్ల పనుల మీద పట్టుదల పెరిగింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నగరం ఎగువన రెండు చెరువులు వచ్చాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అదే కాలంలో చీఫ్ ఇంజినీరుగా చేసిన మనిషి నవాబ్ అలీ నవాజ్ జంగ్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న పుట్టాడు, ఇంగ్లండులో కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివాడు. ఇవాళ తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవం ఆయన పుట్టినరోజునే జరుపుతున్నారు. మంజీర మీద అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ల మధ్య 1923లో పని మొదలుపెట్టి 1931కి పూర్తి చేశారు. మూడు కిలోమీటర్ల రాతి కట్ట, దాని మీద బండి పోయేంత రోడ్డు. నలభై దాకా ఊళ్లు ఖాళీ అయినయి. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు, అది వేరే బాధ.

కాలువ పారంగనే ఈ ప్రాంతం ముఖమే మారిపోయింది. అప్పటిదాకా చెరువుల కింద వరి, మిగతా అంతా జొన్న, పప్పు. కొత్త నీళ్ల కింద సాగు చేయడానికి కోస్తా జిల్లాల నుంచి రైతులు కుటుంబాలతో వచ్చి గుడారాలు వేసుకున్నారు. వర్ని, బోధన్, బాన్సువాడ చుట్టుపక్కల ఊరి పేరు చివర "క్యాంపు" అని ఇప్పటికీ ఎందుకు ఉంటదో కొత్తగా వచ్చినోళ్లు అడుగుతుంటరు. ఇదే సంగతి. 1937-38 నాటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, ఆ వాడకు శక్కర్‌నగర్ అని పేరు పడ్డది. చెరకు పన్నెండు నెలల పంట, ఎండాకాలం కూడా నీళ్లు కావాలి. అంటే ఈ మొత్తం ఏర్పాటు సాగర్‌లో నీళ్లు నిలువ ఉంటయనే నమ్మకం మీద నిలబడింది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతది.

ఇప్పుడు అసలు కాగితం. ప్రాజెక్టు కట్టేటప్పుడు ఏటా ఎంత మన్ను వచ్చి చేరుతదో ముందే ఒక అంచనా వేస్తారు. నిజాంసాగర్‌కు వేసిన అంచనా ఏడాదికి 530 ఎకరపుటడుగులు. తర్వాత కొలిస్తే నిజంగా వచ్చి చేరుతున్నది 8,725 ఎకరపుటడుగులు. పదహారు రెట్లు! ఆ 530 అంచనా నిజమై ఉంటే 1973 నాటికి పూడేది ఒక్క టీఎంసీ. ఇవాళ మనం ఈ ముచ్చట పెట్టుకునే పనే ఉండకపోవు.

ఇది ఒక్క నిజాంసాగర్‌కు జరిగింది కాదు. తుంగభద్రకు వేసింది 9,796, తేలింది 41,058 ఎకరపుటడుగులు. పంజాబ్ వైపు భాక్రాకు 23 వేలు వేస్తే 33 వేల పైచిలుకు తేలింది. దేశంలో లెక్క తప్పని పెద్ద ప్రాజెక్టు వెతకాలె. కానీ తప్పిన తీరు చూస్తే నిజాంసాగరే ముందు వరుసలో ఉంటది.

ఎందుకు తప్పింది? ఆనాటి ఇంజినీర్లను తిట్టడం సులువు. నాకు అది న్యాయం అనిపించదు. వరద ఎంత వస్తదో కొలిచే పద్ధతులు ఉన్నయి గానీ, ఆ వరదలో మన్ను ఎంత ఉన్నదో ఏండ్ల తరబడి కొలిచిన రికార్డులు అప్పుడు ఈ దేశంలో లేవు. రెండోది, మంజీర తీరు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూర్, బీదర్ మీదుగా మెదక్ చేరి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నిజాంసాగర్‌కు నీళ్లు తెచ్చే పరీవాహక ప్రాంతం ఇరవై వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో చాలా భాగం నల్లరేగడి, ఏటవాలు, వానకు ముందు దున్ని వదిలేసిన మెట్ట. ఎండకు నెర్రెలు విచ్చిన రేగడి మీద తొలకరి దెబ్బ పడితే ఏమైతదో దున్నేటోనికి చెప్పాల్నా? చాయ్ లెక్క నీళ్లు ఎర్రగా, నల్లగా దిగుతయి. మూడోది, ప్రాజెక్టు కట్టిన తర్వాత పైన అడవి, గడ్డిబీడు తగ్గి దున్నకం పెరిగింది. పాత అంచనా పాత నేలను చూసి వేసింది, నేల మారిపోయింది.

దేశం మొత్తం మీద సగటున హెక్టారుకు ఏటా 16 టన్నుల పైన మన్ను కొట్టుకపోతుందని 1983లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అందులో పదో వంతు జలాశయాల్లో చేరుతుందని, ముప్పై వంతుల దాకా సముద్రంలో కలుస్తుందని, మిగతాది ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుందని వాళ్ల లెక్క. అంటే సాగర్‌లో మనం చూసే మన్ను కొట్టుకపోయిన మన్నులో చిన్న పాలే. మిగతా నష్టం రైతు చేన్లనే ఉన్నది, కనబడదు.

మన్ను ఎట్ల కూర్చుంటదో కూడా చెప్పాలి, దీంట్ల మస్తు మందికి ఒక అపోహ ఉంది. ప్రాజెక్టుల్లో "డెడ్ స్టోరేజీ" అని అడుగున కొంత జాగ వదిలేస్తారు. తూము కన్నా కింద ఉండే నీళ్లు, కాలువకు ఎక్కవు. మన్ను వచ్చి బుద్ధిగా ఆ అడుగున పడుతదని, పైన ఉన్న మన నీళ్ల జోలికి రాదని అనుకుంటరు. మన్ను అట్ల చేయదు. పారే నది నిలవ నీళ్లలో కలిసే చోటే వేగం తగ్గుతది. తగ్గంగనే బరువైన ఇసుక, గులకరాయి అక్కడే దిగుతది, అంటే కట్టకు మస్తు దూరంగా, సాగర్ తలకాయ దగ్గర. సన్న ఒండ్రు నీళ్లతో తేలుకుంటూ కట్ట దాకా వస్తది. ఇట్ల ఏటేటా తలకాయ దగ్గర దిబ్బ పెరిగి ముందుకు జరుగుతుంటది. డెల్టా అని సముద్రం దగ్గర చెప్పుకునేదే, సాగర్ లోపల చిన్నగా తయారవుతుంది. అందుకే కాలువకు అక్కరకొచ్చే పైనీళ్ల జాగ మొదటి నుంచే తగ్గుతూ వస్తది.

ఈ సంగతి మనోళ్లకు ఇప్పుడు కొత్తగా తెలిసింది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని కూడా అంటారు, ఆ చెరువు వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేండ్లు పట్టిందని రాసి ఉంది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. ఆ దోషాల్లో ఒకటి కట్ట ఊటలు పోవడం, ఒకటి చౌడు నేల. ఇంకొకటి చెరువు నడుమ తాబేలు వీపు లెక్క నేల ఎత్తుగా ఉండడం. రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండడం కూడా దోషమే అన్నారు. నిజాంసాగర్‌ను చూస్తే ఈ చివరి రెండూ యాదికొస్తయి. నడుమ తాబేలు పుట్టుకతో లేదు, మన్నుతో తయారైంది. ఇక మంజీర నీళ్లకు రెండు కాదు, మూడు రాష్ట్రాలు హక్కుదారులు.

పాత చెరువులకు పూడిక రోగం ఉన్నా మందు కూడా పక్కనే ఉండేది. ఎండాకాలం చెరువు ఎండంగనే రైతులు బండ్లు కట్టుకొని ఒండ్రు తోలుకుపోయేటోళ్లు. చెల్క, దుబ్బ నేలలకు అది ఎరువు కన్నా ఎక్కువ, నీళ్లు పట్టి ఉంచుతది. కుమ్మరికి మట్టి, ఇటుకలకు మట్టి కూడా అందులోనే. రాయలసీమ వైపు చెరువు బాగోగులు చూసేటోళ్లకు దశబంధం అని మాన్యం భూములు ఇచ్చేది. పూడిక తీసుడు ఎవరో ఇచ్చే పథకం కాదు, వ్యవసాయంలో ఒక పని. ఊళ్లలో పశువులు తగ్గి, బండ్లు పోయి, గుళికల ఎరువు సంచి వచ్చినంక ఆ పని ఆగింది. చెరువు శిఖంలో ముళ్ల తుమ్మ మొలిచింది.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది కూడా మన పాత నిజామాబాద్ జిల్లాలోనే, సదాశివనగర్ చెరువు దగ్గర. తవ్వేది సర్కారు, తోలుకునేది రైతు అనే పద్ధతి పెట్టారు. ఆ పథకంలో మంచి చెడ్డలు రెండూ ఉన్నయి, దాని మీద ఇంకోసారి రాస్తా. కానీ ఒండ్రు పోసిన చెల్కల్లో రెండు తడులు తగ్గినయని చెప్పిన రైతులు మన మండలంలనే చాలా మంది ఉన్నారు. ఎకరానికి నలభై యాభై ట్రాక్టర్లు కొడితే అంగుళం, అంగుళమున్నర మందం పడుతది. ఒక మాట మాత్రం యాది పెట్టుకోండి. రేగడి నేలకు మళ్లీ ఒండ్రు కొడితే లాభం లేదు, నీళ్లు దిగక ఇంకా గట్టిపడుతది. ఒండ్రు కావాల్సింది ఎర్రనేలకు.

"మరి చెరువుకు చేసినట్టే సాగర్‌కు చేస్తే?" అని అడుగుతరు. ఇక్కడ కాగితం, పెన్ను తీయాలె.

ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. ఒక పెద్ద టిప్పర్‌కు పది ఘనపు మీటర్లు పడుతదనుకుందాం. ఒక్క టీఎంసీ జాగ ఖాళీ చేయడానికి 28 లక్షల ట్రిప్పులు. రోజుకు వెయ్యి ట్రిప్పులు, ఏడాదిలో ఒక్క రోజు ఆగకుండా కొడితే ఎనిమిదేండ్లు. కానీ సాగర్ ఎండేది ఎండాకాలమే. ఏటా వంద రోజులు పని దొరికితే, రోజుకు వెయ్యి లెక్కన, ఒక్క టీఎంసీకి 28 ఏండ్లు పడుతది. మనకు పోయింది 18.

ఇంకో రకంగా చూడండి. పోయింది వదిలేసి, ఏటా కొత్తగా వచ్చేదాన్నే తీసేద్దాం అనుకుందాం. పాత కొలత ప్రకారం 8,725 ఎకరపుటడుగులు అంటే పది లక్షల 76 వేల టిప్పర్లు. వంద రోజుల్లో, రోజుకు పది గంటలు చేస్తే నిమిషానికి 18 టిప్పర్లు కట్ట దాటాలి. మూడు కిలోమీటర్ల కట్ట మీద బండి వెనక బండి నిలబెట్టినా కాదు. ఘనపు మీటరుకు వంద రూపాయలే అనుకున్నా ఒక టీఎంసీకి 283 కోట్లు. ఇంత చేసి ఆ మన్ను ఎక్కడ పోస్తరు? రెండంగుళాల మందంతో పరిచినా ఒక టీఎంసీ మన్నుకు లక్షా 38 వేల ఎకరాలు కావాలి, అంటే ఆయకట్టులో సగం. ఆ ఆయకట్టులోనూ రేగడి భాగం తక్కువేం లేదు, దానికి ఆ మన్ను అక్కరకు రాదు.

అందుకే 1970లలో సర్కారు మన్ను ముట్టుకోలేదు, నీళ్లను పైకి లేపింది. పూర్తి నీటిమట్టం 1400.5 అడుగులు ఉండేది. దాన్ని నాలుగున్నర అడుగులు పెంచి 1405 అడుగులు చేశారు. 11.8 టీఎంసీలు 17.8 అయినయి. మనం ఇప్పుడు పేపర్లో చదివే "పూర్తి సామర్థ్యం 17.8 టీఎంసీలు" అనేది అట్ల వచ్చిన అంకె. పుట్టినప్పుడు ఉన్నది అది కాదు. మట్టం పెంచితే నీళ్లు పక్కలకు పాకుతయి, కొత్త భూములు మునుగుతయి, లోతు తక్కువ కాబట్టి ఎండకు ఆవిరై పోయేది కూడా పెరుగుతది. అయినా ఆ పూటకు అదొక్కటే దారి. తప్పు పట్టను. కాకపోతే అది ఒకసారి వాడుకునే దారి. కట్టను మళ్లీ మళ్లీ లేపలేం.

పూడిక దెబ్బ ఎవరి మీద పడ్డదో చూడాలి. వానకాలం పంటకు నది పారుతుంటది కాబట్టి, నిండిన నీళ్లు వాడుకున్న కొద్దీ కొత్త నీళ్లు వస్తుంటయి. నిలవ తగ్గినా ఎట్లనో గట్టెక్కొచ్చు. యాసంగికి అట్ల కాదు. మత్తడి దూకి పోయింది పోంగ, దసరా నాటికి సాగర్‌లో ఎంత నిలిచిందో అదే యాసంగి. వరికి పదివేల ఎకరాలకు ఒక టీఎంసీ అని మోటుగా లెక్కేస్తారు. మరి పన్నెండు టీఎంసీల జాగ ఇప్పటికీ మన్ను కిందనే ఉంది. అదంతా యాసంగి నీళ్లు, ఇంకా చెప్పాలంటే కాలువ తోకన ఉన్నోళ్ల యాసంగి నీళ్లు. తూము దగ్గరోనికి తడి ఎప్పుడూ అందుతది. కొసన ఉన్నోడు నీరటి చుట్టూ తిరిగి, అర్ధరాత్రి కాలువ గట్టు మీద కాపలా పండి, చివరికి బోరు వేస్తడు. మన జిల్లాలో బోర్ల అప్పులకు వెనక ఉన్న కారణాల్లో మంజీర మన్ను ఒకటి అని నేనంటే కొందరు నవ్వుతరు. నవ్వనీ. చెరకు తగ్గి వరి, సోయా పెరగడంలో కూడా పన్నెండు నెలల నీళ్ల భరోసా పోవడానికి పాలు ఉంది. ఫ్యాక్టరీ సంగతికి వేరే కారణాలు మస్తు ఉన్నయి, అందులోకి ఇప్పుడు పోను.

తోక భాగాలకు తర్వాత వేరే ఏర్పాట్లు చేశారు. 2000 తర్వాత అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టి గోదావరి నీళ్లను పాత నిజాంసాగర్ కాలువ కిందికి తెచ్చారు. ఆ నీళ్లు వస్తున్నయి కాబట్టి చాలా ఊళ్లు బతికినయి, నిజం. కానీ ఒకప్పుడు వాలుకు ఉచితంగా పారిన చోటికి ఇప్పుడు కరెంటుతో ఎత్తుతున్నాం. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ నుంచి హల్దీ వాగు మీదుగా మంజీరలోకి కాళేశ్వరం నీళ్లు వదిలారు. గోదావరి నీళ్లను మెట్లు మెట్లుగా ఎక్కించి, మళ్లీ నిజాంసాగర్‌లోకి దించడం! ఆ కరెంటు బిల్లును కూడా పూడిక ఖాతాలో కొంత రాయాల్సిందే.

ఎగువన సింగూరు వచ్చినంక ఇంకో మార్పు. సింగూరు సామర్థ్యం 29.9 టీఎంసీలు, చూడండి, నిజాంసాగర్ పుట్టిననాటి అంకెకు ఎంత దగ్గరో. మంజీర మన్నులో చాలా భాగం ఇప్పుడు ముందుగా అక్కడ దిగుతది. కాబట్టి మన సాగర్ పూడే వేగం పాత లెక్క లెక్క ఉండదు. సంతోషమే గానీ, మన్నుతో పాటు నీళ్లను కూడా సింగూరే ముందు పట్టుకుంటది, అవి హైదరాబాద్ తాగునీళ్లకు పోయినయి. ఇంకా పైన కర్ణాటకలో కారంజా, మహారాష్ట్రలో ధనేగావ్ దగ్గర మాంజరా డ్యామ్. ఆ మాంజరా డ్యామే ఎండిపోయి 2016లో లాతూర్‌కు రైల్లో నీళ్లు తెచ్చారు. ఒకే నది, ఒకదాని కింద ఒకటి గిన్నెలు పెట్టినట్టు. పై గిన్నె పూడితే ఆ మన్ను కింది గిన్నెకు జారుతది.

పక్క ప్రాజెక్టుల సంగతి కూడా రెండు ముక్కల్లో. 1963లో నెహ్రూ పునాది వేసిన మన పోచంపాడ్, శ్రీరాంసాగర్, మొదట 112 టీఎంసీలు. తర్వాతి సర్వేలో 90, ఇప్పుడు 80 లెక్కన నడుస్తోంది. తుంగభద్ర 133 నుంచి 105కు వచ్చింది. శ్రీశైలం 308 నుంచి 215కు. తుంగభద్రలో పోయిన జాగకు బదులు నవలి దగ్గర కొత్త రిజర్వాయర్ కడతామని కర్ణాటక అడుగుతోంది. అంటే వాళ్లు కూడా మన్ను తీసే ఆశ వదిలేసినట్టే. కర్నూలు, అనంతపురం రైతులు ఆ సంగతి మీద మనకన్నా ఎక్కువ బాధపడుతున్నారు.

మన్ను లోపలికి వచ్చినంక తీసుడు కష్టం. వస్తున్నప్పుడే దాటించొచ్చా? కొన్ని చోట్ల చేశారు. ఈజిప్టులో నైలు మీద 1902లో కట్టిన పాత అస్వాన్ ఆనకట్టకు అడుగున 180 తూములు పెట్టారు. మన్నుతో వచ్చే మొదటి వరదను వాటి గుండా వదిలేసి, నీళ్లు తేరుకున్నంక తలుపులు దించి నిలువ చేసుకునేటోళ్లు. నిజాంసాగర్ కన్నా ముప్పై ఏండ్ల ముందటి ముచ్చట ఇది. చైనాలో పసుపు నది మీద సన్‌మెన్‌షియా డ్యామ్ 1960లో నింపితే ఒకటి రెండేండ్లలోనే మన్నుతో గొంతు దాకా వచ్చింది. తర్వాత అడుగున సొరంగాలు తవ్వి, బురద నీళ్లు వదిలి తేట నీళ్లు పట్టే పద్ధతికి మార్చారు, అప్పుడు నిలబడ్డది. మన దగ్గర కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్టకు కూడా ఇసుక కొట్టుకపోవడానికి తూములు ఉండేవి.

మంజీరకు ఇది అతుకుతదా? సగం సగమే అంటాను. జూన్, జూలైలో వచ్చే తొలి వరదలోనే మన్ను ఎక్కువ. దాన్ని వదిలేయాలంటే తర్వాత ఆగస్టు, సెప్టెంబర్లలో మళ్లీ నిండుతదనే ధీమా ఉండాలి. సింగూరు నిండితే గాని మనకు చుక్క రాని కాలంలో, వచ్చిన తొలి నీళ్లను కిందికి వదలమని ఏ ఇంజినీరు రాస్తడు, ఏ రైతు ఒప్పుకుంటడు? నేనైతే ఒప్పుకోను. పెద్ద వరద వచ్చి ఎట్లాగూ గేట్లు ఎత్తాల్సిన ఏడాది మాత్రం పైగేట్లతో పాటు అడుగు తూములు కూడా ఎత్తితే, కట్ట దగ్గరి సన్న ఒండ్రు కొంతైనా పోతది.

ఇక మిగిలింది మన్నును పుట్టిన చోట ఆపడం. గట్లు, వాలుకు అడ్డంగా దున్నుడు, వాగుల మీద రాతి కట్టలు, బీళ్లలో గడ్డి. మూడో పంచవర్ష ప్రణాళిక కాలం నుంచి పెద్ద ప్రాజెక్టుల ఎగువన మట్టి కోత ఆపే పని కేంద్రం పథకంగా పెట్టింది. దాని చిక్కు ఏందంటే, గట్టు వేయాల్సింది బీదర్ రైతు, లాతూర్ రైతు. లాభం బోధన్ రైతుకు. పోరుమామిళ్ల శాసనంలో సరిహద్దు దోషం అన్నది ఊరికే కాదు. అయితే గట్టు వేసుకుంటే ఆ రైతు చేను మన్ను ఆ రైతుకే మిగులుతది కదా, ఆ మాట ముందు చెప్పి పని చేయించిన చోటే గట్లు నిలిచినయి. "కింద ప్రాజెక్టు కోసం" అని చెప్పిన చోట రెండేండ్లకు దున్నేశారు.

ఈ మధ్య ప్రాజెక్టుల్లో పూడికతీత టెండర్ల మాట మళ్లీ గట్టిగా వినబడుతోంది. సర్కారుకు ఖర్చు లేదు, పూడికలో వచ్చిన ఇసుక అమ్ముకొని కాంట్రాక్టరే తీస్తడు, పైగా ఆదాయం అంటున్నరు. ఇది వినంగనే పైన చెప్పింది యాదికి తెచ్చుకోండి. ఇసుక దిగేది సాగర్ తలకాయ దగ్గర. కట్ట దగ్గర ఉండేది అమ్ముడుపోని సన్న ఒండ్రు. ఇసుకకు ధర ఉంది, ఒండ్రుకు లేదు. కాంట్రాక్టర్ ఎక్కడ తవ్వుతడో చెప్పాల్సిన పని లేదు. ఇసుక దిబ్బ తీసినా కొంత జాగ వస్తది, కాదనను. కానీ టన్నుల లెక్క చూపించి "పూడిక తీసినం" అంటే సరిపోదు. నీళ్లు ఎన్ని ఎక్కువ పడుతున్నయో చూపాలి.

అందుకు ఒకటే కొలత. వెనకట పడవ మీద తిరిగి తాడుకు గుండు కట్టి లోతు చూసేది, ఇప్పుడు పడవకు కట్టిన యంత్రం శబ్దంతో లోతు చెబుతది, నీళ్లు తగ్గినప్పుడు ఉపగ్రహం ఫొటోలతో కూడా లెక్క కడుతున్నరు. తవ్వక ముందు ఒక సర్వే, తవ్వినంక ఒక సర్వే, రెండూ తెలుగులో ఊరి పంచాయతీ గోడ మీద అంటించాలి. ఏ మట్టానికి ఎన్ని టీఎంసీలో అంకె వేసి. శిఖంలో ఎండాకాలం పంట వేసుకునే పేదోళ్ల చేన్లు ఆ తవ్వకంలో పోతే వాళ్లకేమిస్తరో కూడా అదే కాగితంలో ఉండాలి. ఒండ్రు కావాలన్న చెల్క రైతులకు టిప్పర్ కిరాయిలో ఎంత పాలు ఇస్తరో కూడా. మన దిక్కు ఎర్రనేలలున్న ఊళ్లు ఎన్ని, ఎన్ని వేల ఎకరాలకు ఒండ్రు పట్టుద్దో ఒక లిస్టు తయారు చేద్దామని ఇద్దరు ముగ్గురు మిత్రులం అనుకుంటున్నం. మీ ఊరు, చెల్క విస్తీర్ణం, సాగర్ నుంచి ఎంత దూరమో కింద రాయండి. ముప్పై కిలోమీటర్లు దాటితే కిరాయి గిట్టుబాటు కాదు, అంతకు లోపల ఉన్న ఊళ్లే రాయండి.